సెలవు ముగిసిన మరునాడు: తిరిగి పనిలో చేరేవారి ఆందోళన - హిందూపురం, పెనుకొండ, ధర్మవరం శ్రమజీవనం ఆధారంగా పరిశీలన

వ్యాససంగ్రహం

సెలవు ముగించుకొని తిరిగి పనిలో చేరే సమయంలో మనిషికి కలిగే కలతను సాధారణంగా 'ఆందోళన' అనే ఒక్క మాటతో వ్యవహరిస్తున్నాం. ఆ ఒక్క మాట కింద వేర్వేరు అనుభవాలు దాగి ఉన్నాయనీ, వాటిని తెలుగు భాష బెంగ, బద్ధకం, గుబులు అనే పదాలతో ముందునుంచే విడదీసి చూపుతోందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఒకే రైలుమార్గంపై ఉన్న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల్లోని మూడు రకాల శ్రమజీవనాలను ఉదాహరణలుగా తీసుకొని, ఒక్కో కలతకు కారణమేమిటో, దానికి తగిన ఉపశమనమేమిటో వివరిస్తుంది. సెలవుల ప్రభావంపై మనస్తత్వశాస్త్రంలో జరిగిన పరిశోధనలను ఈ వివరణకు ఆధారంగా చేసుకుంటుంది. వ్యక్తి తన అలవాట్లను మార్చుకొని తగ్గించుకోగల ఆందోళనకూ, పని పరిస్థితులు మారితే తప్ప తగ్గని ఆందోళనకూ మధ్య ఉన్న భేదాన్ని గుర్తించవలసిన అవసరాన్ని చివరగా చర్చిస్తుంది.

కీలకపదాలు: సెలవు, ఆందోళన, బెంగ, గుబులు, శ్రమకాలం, చేనేత, దేహగడియారం, ఆయుధపూజ, శ్రీ సత్యసాయి జిల్లా.

1. ప్రవేశిక

"ఆదివారం అందలం, సోమవారం జోలె" అని తెలుగులో ఒక సామెత ఉంది. భాగ్యానికి నిలకడ లేదని చెప్పడానికి పుట్టిన ఈ సామెత, నేటి ఉద్యోగి విషయంలో దాదాపు వాచ్యార్థంలోనే వర్తిస్తోంది. ఆదివారం సాయంత్రం పొద్దు వాలేకొద్దీ మనసు బరువెక్కడం, పండుగ సెలవుల చివరి రాత్రి నిద్ర పట్టకపోవడం, తిరిగి చేరిన మొదటిరోజు ఏ పనీ ముందుకు సాగకపోవడం చాలామందికి అనుభవంలో ఉన్న విషయాలే. దీనిని వైద్యశాస్త్రం ప్రత్యేక రుగ్మతగా పరిగణించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన వ్యాధుల వర్గీకరణలో గానీ, అమెరికన్ మనోవైద్య సంఘం వర్గీకరణలో గానీ 'సెలవు అనంతర ఆందోళన' అనే పేరుతో వ్యాధి లేదు. వ్యాధి కాకపోయినంత మాత్రాన దీనిని ఉపేక్షించదగిన విషయంగా భావించలేం. వ్యాకులత, ఆందోళన కారణంగా ప్రపంచవ్యాప్తంగా ఏటా సుమారు 1,200 కోట్ల పనిదినాలు నష్టమవుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది. పనికీ మనసుకూ మధ్య ఉన్న సంబంధం ఎంత విస్తృతమైనదో ఈ సంఖ్య తెలియజేస్తుంది.

ఈ పరిశీలనకు శ్రీ సత్యసాయి జిల్లాలోని మూడు పట్టణాలను ఎంచుకోవడానికి కారణం ఉంది. 2022 ఏప్రిల్ 4న అనంతపురం జిల్లా నుంచి విడివడి ఏర్పడిన ఈ జిల్లాలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగళూరుకు వెళ్లే ఒకే రైలుమార్గంపై వరుసగా ఉన్నాయి. వీటి పనితీరు మాత్రం ఒకటి కాదు. ధర్మవరంలో ఇంటిలోని మగ్గమే పనిచోటు. పెనుకొండ పరిసరాల్లో షిఫ్టుల ప్రకారం నడిచే భారీ కర్మాగారం ఉంది. హిందూపురం ఒకవైపు సొంత పారిశ్రామికవాడలతో, మరొకవైపు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరుతో ముడిపడి ఉంది. ఒక్క పూట ప్రయాణంలోనే మూడు రకాల శ్రమకాలాలు కనిపించే ప్రాంతమిది. పండుగ అందరికీ ఒకేరోజు వచ్చినా, పండుగ మరునాడు అందరికీ ఒకేలా ఉండదని ఇక్కడ స్పష్టమవుతుంది.

2. పదాల వెలుగులో విషయం

2.1 సెలవు

'సెలవు' అనే పదానికి అనుమతి, ఆజ్ఞ, వీడ్కోలు, పనికి విరామం అనే అర్థాలు ఉన్నాయి. 'సెలవిచ్చు' అంటే అనుమతించడం, గౌరవార్థంలో పలకడం. 'సెలవు తీసుకొను' అంటే వీడ్కోలు చెప్పడం. పాత నిఘంటువులు ఈ పదానికి 'వ్యయం' అనే అర్థాన్ని కూడా చూపుతాయి. తమిళంలో 'సెలవు' అనే సోదరపదానికి నేటికీ ఖర్చు అనే అర్థమే వాడుకలో ఉంది. ఈ అర్థాలన్నింటినీ ఒకచోట చేర్చి చూస్తే సెలవు స్వభావం తెలుస్తుంది. సెలవు ఇచ్చేవారు ఒకరు ఉంటేనే అది అనుమతి. ఇచ్చేవారు లేని స్వయంవృత్తిలో అది వ్యయం మాత్రమే. వేతనంతో కూడిన సెలవు పొందే ఉద్యోగికీ, మగ్గం ఆగితే ఆదాయం ఆగే నేతకార్మికునికీ ఉన్న అంతరం ఈ ఒక్క పదంలోనే ఇమిడి ఉంది.

2.2 బెంగ, బద్ధకం, గుబులు

సెలవు ముగిసినప్పటి కలతను చెప్పడానికి తెలుగులో వాడే మాటలు పర్యాయపదాలు కావు. వాటి వాడుకను గమనిస్తే భేదం తెలుస్తుంది. 'అమ్మమీద బెంగ పెట్టుకున్నాడు' అంటాం. బెంగకు ఎప్పుడూ ఒక ఆలంబనం ఉంటుంది, అది విడిచి వచ్చిన మనిషో, ఊరో అయి ఉంటుంది. బెంగ చూపు వెనుకకు. 'గుండెల్లో గుబులు పుట్టింది' అంటాం. గుబులు పుట్టేది జరగబోయేదాన్ని తలచుకొని. దాని చూపు ముందుకు. 'ఒళ్లు బద్ధకంగా ఉంది' అంటాం. ఇక్కడ కర్త ఒళ్లే. విడిచినదానితోనూ రాబోయేదానితోనూ నిమిత్తం లేకుండా, దేహం పనికి ఇంకా సిద్ధపడలేదని ఈ మాట తెలుపుతుంది. 'దిగులు' ఈ అన్ని సందర్భాల్లోనూ వాడదగిన సామాన్యపదం.

ఈ విభజన భాషాసౌందర్యానికి పరిమితమైనది కాదు. కలిగిన భావానికి సరైన పేరు పెట్టడమే ఉపశమనానికి తోడ్పడుతుందని మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన మెదడు చిత్రణ అధ్యయనం సూచించింది. భావావేశాన్ని మాటల్లో గుర్తించినప్పుడు, భయానికి సంబంధించిన మెదడు భాగమైన అమిగ్డలా చురుకుదనం తగ్గినట్లు ఆ అధ్యయనంలో తేలింది. 'నాకు ఆందోళనగా ఉంది' అనడం కన్నా 'ఇది బెంగ', 'ఇది గుబులు' అని గుర్తించడం వల్ల మరొక ప్రయోజనం కూడా ఉంది. ఏది కలిగిందో తెలిస్తేనే ఏమి చేయాలో తెలుస్తుంది.

2.3 ఆందోళన

'ఆందోళన' సంస్కృతంలో ఊగుటను తెలిపే పదం. తెలుగులో దీనికి మనోవ్యాకులత అనే అర్థంతోపాటు నిరసనోద్యమం అనే అర్థం కూడా స్థిరపడింది. 'కార్మికుల ఆందోళన' అనే పత్రికాశీర్షిక చూసి వారు కలత చెందారని భావించాలో, సమ్మెకు దిగారని భావించాలో కింది వార్త చదివితే గానీ తెలియదు. ఈ ద్వ్యర్థి యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఈ వ్యాసంలోని చివరి అంశానికి అది దారి చూపుతుంది.

3. సెలవుల ప్రభావం: పరిశోధనల సారం

సెలవు తర్వాత కలిగే బాధలో ఒక భాగం అపోహ నుంచి పుడుతుంది. 'ఇన్ని రోజులు సెలవు తీసుకున్నాను, అయినా ఉత్సాహం లేదు, సెలవు వృథా అయింది' అనే భావన ఆ అపోహ. జెస్సికా ద బ్లూమ్, సహపరిశోధకులు 2009లో అంతవరకు వచ్చిన అధ్యయనాలను సమీక్షించి, సెలవులు ఆరోగ్యానికీ సంతృప్తికీ కొంత మేలు చేస్తాయనీ, ఆ మేలు పనిలో చేరిన కొద్దికాలానికే తగ్గిపోతుందనీ నిర్ధారించారు. సగటున 23 రోజుల సెలవు తీసుకున్న 54 మంది ఉద్యోగులపై ఆమె బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో, సెలవులోని ఎనిమిదవ రోజున ఉల్లాసం గరిష్ఠస్థాయికి చేరింది. తిరిగి చేరిన మొదటివారంలోనే అది పూర్వస్థితికి వచ్చింది.

అధ్యాపకలోకానికి నేరుగా సంబంధించిన అధ్యయనం ఒకటి జర్మనీలో జరిగింది. యానా క్యూనెల్, సబీనె సొన్నెన్‌టాగ్ 131 మంది ఉపాధ్యాయులను సెలవులకు ముందూ తర్వాతా పరిశీలించి 2011లో ఫలితాలను ప్రచురించారు. సెలవు తర్వాత పనిపై ఆసక్తి పెరిగి, అలసట తగ్గింది. ఈ మేలు నెలరోజుల్లో కరిగిపోయింది. పని ఒత్తిడి అధికంగా ఉన్నవారిలో త్వరగా, తిరిగి చేరిన తర్వాత కూడా తీరికవేళల్లో విశ్రాంతి పొందినవారిలో నెమ్మదిగా కరిగింది.

ఈ పరిశోధనల నుంచి రెండు విషయాలు గ్రహించవచ్చు. ఉత్సాహం తగ్గడం వ్యక్తి లోపం కాదు, అది సహజ పరిణామం. విశ్రాంతిని నిలవచేసుకోవడం సాధ్యం కాదు కాబట్టి దానిని రోజువారీగా సమకూర్చుకోవాలి. సొన్నెన్‌టాగ్, షార్లొట్ ఫ్రిట్జ్ 2007లో విశ్రాంతికి నాలుగు అంగాలు చెప్పారు. పని ఆలోచన నుంచి మనసు విడివడటం, దేహానికి సడలింపు, పనికి సంబంధంలేని ఏదైనా నేర్పును సాధించడం, తన సమయంపై తనకు అధికారం ఉండటం. ఈ నాలుగింటికీ సుదీర్ఘమైన సెలవు అవసరం లేదు. పనిదినం చివర ఒక గంట ఉన్నా వీటిలో కొన్ని సాధ్యమే.

4. హిందూపురం: బెంగ

హిందూపురం కర్ణాటక సరిహద్దును ఆనుకొన్న పట్టణం. తూమకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడలు సమీపంలోనే ఉన్నా, మెరుగైన వేతనం కోసం బెంగళూరు వెళ్లేవారు ఇక్కడ ఎక్కువ. నిత్యం రైలులో వెళ్లివచ్చేవారు కొందరైతే, వారాంతాలకో పండుగలకో ఇంటికి వచ్చేవారు మరికొందరు. పిల్లలను తాతయ్య, అవ్వల దగ్గర ఉంచి నగరంలో పనిచేసే దంపతులకు సెలవు ముగియడమంటే కార్యాలయంలో అడుగుపెట్టడం మాత్రమే కాదు, ఇంటి గడప దాటడం. వారి కలతలో పనిభయం తక్కువ, ఎడబాటు ఎక్కువ. అందువల్ల పనిభారాన్ని తగ్గించే సూచనలు వారికి అక్కరకు రావు.

బెంగకు తగిన ఉపశమనం మరచిపోవడంలో లేదు, వీడ్కోలును సంపూర్ణంగా జరుపుకోవడంలో ఉంది. తెలుగు మర్యాద ఇక్కడ గమనించదగినది. ఇంటినుంచి బయలుదేరేవారు 'పోతాను' అనకూడదు, 'పోయివస్తాను' అనాలి. పెద్దలు 'పోయిరా' అంటారు. వెళ్లడాన్ని తెలిపే మాటలోనే తిరిగిరాకను చేర్చిన వాడుక ఇది. అశుభపరిహారంగా దీనిని వివరించడం పరిపాటి. మానసికంగా చూస్తే, ఎడబాటుకు హద్దు గీసే ప్రక్రియగా కూడా దీనిని అర్థం చేసుకోవచ్చు. తిరిగి ఎప్పుడు కలుస్తామో తెలిసిన ఎడబాటు, తెలియని ఎడబాటు కన్నా సహించదగినది.

దీనిని ఆచరణలోకి తెచ్చుకోవడం కష్టం కాదు. బయలుదేరేముందే తదుపరి రాకకు తేదీ నిర్ణయించి ఇంట్లో చెప్పాలి. పిల్లవాడు ఏడుస్తాడని నిద్రలో ఉండగా వెళ్లిపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. మేల్కొన్న పిల్లవానికి అది మరింత కలత కలిగిస్తుంది. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు వస్తారో చెప్పి వెళ్లడమే మేలు. రోజూ ఒకే వేళకు మాట్లాడుకోవడం, గుర్తొచ్చినప్పుడల్లా మాట్లాడుకోవడం కన్నా ఇరువైపులా నెమ్మదినిస్తుంది. ఇంటినుంచి వెంట తెచ్చుకొనే వేరుశెనగ పొడి, రాగిపిండి వంటి వస్తువులకు కూడా ఒక పాత్ర ఉంది. తల్లికి దూరమైన శిశువు ఒక గుడ్డనో బొమ్మనో పట్టుకొని ఊరట పొందడాన్ని బ్రిటిష్ మనోవిశ్లేషకుడు డి.డబ్ల్యు. వినికాట్ 1953లో ప్రచురించిన వ్యాసంలో వివరించాడు. వయోజనుల జీవితంలోనూ ఇంటి వాసన ఉన్న వస్తువు ఆ రెండు లోకాల మధ్య వంతెనగా పనిచేయగలదు.

5. పెనుకొండ: బద్ధకం

1565 నాటి తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజ్యానికి రాజధానిగా నిలిచిన పెనుకొండ, ఆ తర్వాత శతాబ్దాలపాటు వానాధార వ్యవసాయ ప్రాంతంగానే ఉంది. కియా సంస్థ 2017 ఏప్రిల్‌లో రాష్ట్రప్రభుత్వంతో ఒప్పందం చేసుకొని ఎర్రమంచి వద్ద కార్ల కర్మాగారాన్ని నిర్మించింది. 2019లో అక్కడ వాణిజ్య ఉత్పత్తి మొదలైంది. ఏటా 3 లక్షల వాహనాల సామర్థ్యంతో ప్రారంభమైన ఈ పరిశ్రమ, దాని చుట్టూ వెలసిన అనుబంధ పరిశ్రమలు ఈ ప్రాంతపు శ్రమకాలాన్ని మార్చివేశాయి.

పనిని బట్టి కాలం నడిచే వ్యవసాయ జీవనం నుంచి గడియారాన్ని బట్టి పని నడిచే పారిశ్రామిక జీవనానికి ఇంగ్లండు సమాజం ఎలా మారిందో చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1967లో ప్రసిద్ధమైన వ్యాసంలో వివరించాడు. అక్కడ తరతరాలుగా జరిగిన మార్పు పెనుకొండ పరిసర గ్రామాల్లో ఒక్క తరంలో జరిగింది. తండ్రి వాన చూసి దుక్కికి వెళ్లాడు. కొడుకు షిఫ్టు వేళ చూసి బస్సు ఎక్కుతున్నాడు. పండుగకు ఊరిలో ఉన్న నాలుగు రోజులూ ఆ కొడుకు మళ్లీ తండ్రి కాలంలోకి వెళ్తాడు. రాత్రి జాగరణలు, ఆలస్యపు భోజనాలు, పొద్దెక్కిన మేలుకొలుపులు సాగుతాయి. అయిదవ రోజు తెల్లవారుజామున అలారం మోగినప్పుడు కలిగేది అధికభాగం దేహసంబంధమైన కలత.

దేహంలోని గడియారం ఊహాజనితం కాదు. దానిని నడిపే జన్యుయంత్రాంగాన్ని వెలికితీసినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి లభించింది. మనిషి సహజ దినచక్రం 24 గంటలకన్నా స్వల్పంగా ఎక్కువ. అందువల్ల నిద్రవేళను వెనుకకు నెట్టడం తేలిక, ముందుకు జరపడం కష్టం. పనిరోజుల నిద్రకూ సెలవురోజుల నిద్రకూ మధ్య ఏర్పడే ఈ అంతరాన్ని టిల్ రోన్నెబెర్గ్ బృందం 2006లో విమానయానంలో కలిగే కాలవ్యత్యాసపు అలసటతో పోల్చింది. ఊరు కదలకుండానే దేహం మరొక దేశపు వేళలకు వెళ్లివచ్చినట్లవుతుందని ఆ పోలిక తాత్పర్యం.

ఇటువంటి బద్ధకానికి మనోధైర్యం బోధించడం వల్ల ఫలితం ఉండదు. సెలవు చివరి మూడు రోజుల్లో నిద్రవేళను రోజుకు అరగంట చొప్పున ముందుకు జరపడం, ఉదయం లేచిన వెంటనే ఎండలో కొంతసేపు గడపడం, మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీలను తగ్గించడం, చివరిరోజు ప్రయాణాన్ని అర్ధరాత్రి వరకు పొడిగించకుండా ఉండటం దీనికి తగిన ఉపాయాలు. రాత్రి షిఫ్టులో చేరవలసినవారు ఇదే క్రమాన్ని తిప్పి, నిద్రవేళను క్రమంగా వెనుకకు జరుపుకోవాలి. యంత్రాలమధ్య పనిచేసేవారికి ఇది సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. నిద్రలేమి చూపునూ చేతినీ నెమ్మదింపజేస్తుంది కాబట్టి భద్రతకు సంబంధించినది కూడా. తిరిగి చేరిన మొదటిరోజు అదనపు గంటల పనికి ఒప్పుకోకపోవడం, తాను లేని రోజుల్లో పనివరుసలో జరిగిన మార్పులేమిటో తోటివారిని అడిగి తెలుసుకోవడం అవసరం.

6. ధర్మవరం: గుబులు

ధర్మవరం పట్టుచీరలకు ప్రసిద్ధి. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ చేనేత, ఎక్కువగా ఇంటిలోని గుంటమగ్గంపై సాగుతుంది. నేసేది ఒకరైనా పడుగు, పేకల తయారీలో కుటుంబమంతా పాల్గొంటుంది. కూలి చీరకు ఇంత అని లెక్క. 1948 నాటి కర్మాగారాల చట్టంలోని 79వ సెక్షన్, 2025 వరకు, ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికునికి ప్రతి 20 పనిదినాలకు ఒకరోజు చొప్పున వేతనంతో కూడిన సెలవును హక్కుగా నిర్దేశించేది. ఇంటిమగ్గంపై కూలికి నేసే కుటుంబానికి అటువంటి హక్కు లేదు. పండుగకు మగ్గం ఆపినా, పెళ్లికి వెళ్లినా, ముసురుపట్టి గుంటలోకి చెమ్మ చేరి నేత నిలిచినా ఆదాయం ఆగుతుంది. సెలవు అనే మాటకు వ్యయం అనే పాత అర్థం ఇక్కడ ఇంకా సజీవంగా ఉంది.

అందువల్ల పండుగ మరునాడు నేతకార్మికునికి కలిగేది ప్రధానంగా గుబులు. పండుగకు చేసిన అప్పు, ఒప్పుకొన్న తేదీకి అందించవలసిన చీర, రాబోయే ముడిపట్టు ధర అతని ముందు నిలుస్తాయి. వీటిలో రెండు రకాలు కలిసి ఉన్నాయి. మొదటిది అసంపూర్ణమైన పని పెట్టే కలవరం. పూర్తిచేసిన పనులకన్నా మధ్యలో ఆగిన పనులే ఎక్కువగా గుర్తుంటాయని బ్లూమా జైగార్నిక్ 1927లో ప్రతిపాదించింది. అటువంటి పనిని ఎప్పుడు, ఎలా చేయాలో స్పష్టంగా నిర్ణయించుకుంటే, పని పూర్తికాకముందే ఆ కలవరం తగ్గుతుందని మాసికాంపో, బౌమైస్టర్ 2011లో ప్రయోగపూర్వకంగా చూపారు.

ఈ విషయంలో మగ్గం నుంచే నేర్చుకోదగినది ఉంది. సగం నేసిన చీర మగ్గంపై ఉన్నప్పుడు ఎక్కడ ఆపామో, ఎక్కడ మొదలుపెట్టాలో వెతకవలసిన పని లేదు. నేసిన మేర బట్ట, ముందున్న పడుగు, పైనున్న జకార్డు అట్టల వరుస ఆ సంగతి చెబుతాయి. చీర పూర్తయి పడుగు అయిపోయినప్పుడు కూడా పాత పడుగు చివరి పోగులకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతికి పని కొనసాగిస్తారు. ఆ అతుకుపని ఓపికతో కూడినది. దానిలో తొందరపడితే తర్వాత నేత అంతా చెడుతుంది. ఏ వృత్తిలోనైనా సెలవు తర్వాతి మొదటిరోజును నేతరోజుగా కాక అతుకురోజుగా భావించడం ఉచితం. ఆ రోజు ఎంత పని జరిగిందన్నది ముఖ్యం కాదు, పాతదీ కొత్తదీ కలిశాయా లేదా అన్నదే ముఖ్యం.

రెండవ రకం గుబులు వేరు. అప్పు నిజం, ఆదాయం ఆగడం నిజం. నిజమైన ప్రమాదానికి తగిన భయం మనోదౌర్బల్యం కాదు. అప్పులభారంతో నేతకార్మికులు ప్రాణాలు తీసుకున్న వార్తలు వెలువడిన పట్టణంలో, శ్వాసవ్యాయామాలతో గుబులు పోతుందని చెప్పడం బాధ్యతారాహిత్యమవుతుంది. దీనికి ఉపశమనం ఆదాయభద్రతలోనే ఉంది. 2019 డిసెంబర్ 21న ధర్మవరంలో ప్రారంభమైన 'వైఎస్సార్ నేతన్న నేస్తం' పథకం సొంతమగ్గం ఉన్న చేనేత కుటుంబానికి ఏటా 24,000 రూపాయల సహాయాన్ని ఉద్దేశించింది. ఇతరుల మగ్గాలపై కూలికి నేసేవారు ఆ నిర్వచనంలోకి రాలేదు. సెలవును అనుమతిగా కాక వ్యయంగా అనుభవించే శ్రామికుల్లో కూడా అంతరాలున్నాయని ఇది తెలియజేస్తుంది.

7. ఆయుధపూజ: తిరిగి పనిలో చేరే ఆచారం

పనిని ఆపడానికీ మొదలుపెట్టడానికీ ఈ ప్రాంతంలో ఒక సామూహిక ఆచారం ముందునుంచే ఉంది. మహర్నవమినాడు పనిముట్లను, యంత్రాలను, వాహనాలను శుభ్రపరచి, పసుపుకుంకుమలు పెట్టి, పూలతో అలంకరించి పూజిస్తారు. పూజలో ఉంచిన పనిముట్టును ఆ రోజు పనికి వాడరు. విజయదశమినాడు తిరిగి చేపడతారు. పొరుగున ఉన్న కన్నడసీమలో వలెనే ఇక్కడ కూడా ఇది ఇళ్లలోనే కాక కార్యశాలల్లో, దుకాణాల్లో జరుగుతుంది.

ఒక స్థితి నుంచి మరొక స్థితికి మారే ఆచారాల్లో వేర్పాటు, మధ్యస్థితి, పునఃప్రవేశం అనే మూడు దశలుంటాయని ఆర్నల్డ్ వాన్ గెనెప్ 1909లో సూత్రీకరించాడు. పనిముట్టును కడిగి పక్కన పెట్టడం వేర్పాటు. దానిని తాకని రోజు మధ్యస్థితి. నమస్కరించి తిరిగి చేతికి తీసుకోవడం పునఃప్రవేశం. నేటి ఉద్యోగ సెలవుల్లో మొదటి రెండు దశలు కొంతవరకు ఉన్నా, మూడవది లోపించింది. సెలవు చివరి రాత్రికీ మొదటి పనిగంటకూ మధ్య ఏ సంధీ లేదు. ఈ లోపాన్ని మతాచారంతో సంబంధం లేకుండానే పూరించుకోవచ్చు. మొదటిరోజు ఒక అరగంట ముందుగా చేరి బల్లను, పనిముట్లను సర్దుకోవడం, తోటివారిని పలకరించడం, ఆ తర్వాతనే పనికి ఉపక్రమించడం ఇటువంటి పునఃప్రవేశమే.

8. అధ్యాపకులు, పరిశోధకుల సందర్భం

పైన చెప్పిన మూడు కలతలూ బోధన, పరిశోధన వృత్తుల్లో కలిసి కనిపిస్తాయి. సొంతఊరికి దూరంగా పనిచేసే అధ్యాపకునికి బెంగ, వేసవి సెలవుల తర్వాత మొదటి పీరియడునాటికి బద్ధకం, దిద్దవలసిన జవాబుపత్రాలు, నింపవలసిన నివేదికలు తలపునకు వచ్చినప్పుడు గుబులు కలుగుతాయి. పరిశోధకుని స్థితి ఒక విధంగా నేతకార్మికుని స్థితికి దగ్గరగా ఉంటుంది. అతనికి గంట మోగదు, సెలవు ప్రకటించేవారు లేరు. సిద్ధాంతవ్యాసం ముగిసేవరకు ప్రతి సెలవూ అపరాధభావంతోనే గడుస్తుంది. ఫలితంగా సెలవులో విశ్రాంతీ దొరకదు, పనీ జరగదు.

ఇక్కడ ఉపయోగపడేది మగ్గం నేర్పిన పద్ధతే. సెలవుకు వెళ్లేముందు అధ్యాయాన్ని ముగించి వెళ్లాలనుకోవడం కన్నా, తర్వాత రాయవలసినది ఏమిటో రెండు వాక్యాల్లో రాసి ఆ పుట పైననే ఉంచడం మేలు. తిరిగి వచ్చినరోజు కొత్త ఆలోచనకు పూనుకోకుండా ఆ రెండు వాక్యాలను విస్తరించడంతో మొదలుపెట్టాలి. వీలైతే సోమవారం కాక బుధ, గురువారాల్లో తిరిగి చేరడం వల్ల మొదటి పనివారం చిన్నదవుతుంది. పేరుకొన్న ఉత్తరప్రత్యుత్తరాలను వచ్చిన క్రమంలో కాక, నేడు తప్పనిసరి, ఈ వారంలో చేయదగినవి, జవాబు అక్కరలేనివి అని మూడుగా విడదీసుకోవాలి. మొదటినెలలో సాయంకాలపు తీరికను వదులుకోకపోవడం అన్నింటికన్నా ముఖ్యం. జర్మన్ ఉపాధ్యాయుల అధ్యయనం సూచించినది కూడా ఇదే.

9. ఆందోళన ఫిర్యాదుగా మారే సందర్భం

తిరిగి చేరిన తర్వాత కొన్ని రోజుల్లో తగ్గే కలత ఒకటి, సెలవు దగ్గరపడినప్పుడు మాత్రమే తగ్గి, పనిలో ఉన్నంతకాలం కొనసాగే కలత మరొకటి. రెండవది సెలవుకు సంబంధించినది కాదు, పనికి సంబంధించినది. పై అధికారి అవమానకరమైన ప్రవర్తన, సమయానికి అందని జీతం, ఒకరు చేయలేని పనిభారం, సెలవు అడిగినందుకే ఎదురయ్యే వివక్ష వంటివి దానికి కారణాలు కావచ్చు. పనిచోటులో దీర్ఘకాలం అదుపు తప్పిన ఒత్తిడి వల్ల కలిగే నిస్త్రాణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వృత్తిసంబంధమైన పరిణామంగానే నిర్వచించింది. ఇటువంటి సందర్భంలో 'ఆందోళన'కు తెలుగులో ఉన్న రెండవ అర్థాన్ని గుర్తు చేసుకోవాలి. ఈ కలతకు వ్యక్తి తనను తాను సరిదిద్దుకోవడం పరిష్కారం కాదు. సహోద్యోగులతో చర్చించడం, సంఘం ద్వారా అడగడం, పరిస్థితిని మార్చడం పరిష్కారం.

నిద్ర, ఆకలి, దైనందిన వ్యవహారాలు దెబ్బతిని రెండు వారాలకు మించి కొనసాగినప్పుడు, లేదా జీవితంపై విరక్తి కలిగినప్పుడు వెంటనే వైద్యసహాయం అవసరం. 2022 అక్టోబర్ 10న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన 'టెలీ మానస్' సేవ 14416 నంబరుపై తెలుగులో కూడా ఉచితంగా లభిస్తుంది. ఈ మూడు పట్టణాల ప్రజలకు బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ రైలుప్రయాణంలో చేరుకోగల దూరంలోనే ఉంది.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. సెలవు అనంతర ఆందోళన ఏకరూపమైనది కాదు. విడిచివచ్చినదానిపై బెంగ, దేహం సిద్ధపడని బద్ధకం, రాబోయేదానిపై గుబులు అందులో కలిసి ఉంటాయి. ప్రాంతాన్ని బట్టి కాక పని స్వభావాన్ని బట్టి వీటిలో ఒకటి ప్రధానమవుతుంది.

2. బెంగకు తిరిగిరాక తేదీతో కూడిన వీడ్కోలు, బద్ధకానికి నిద్రవేళల క్రమబద్ధీకరణ, గుబులుకు స్పష్టమైన కార్యప్రణాళిక తగిన ఉపశమనాలు. ఒకదానికి చెప్పినది మరొకదానికి పనిచేయదు.

3. సెలవు మేలు త్వరగా కరగడం సహజం. దీర్ఘమైన సెలవు కోసం ఎదురుచూడటం కన్నా ప్రతి పనిదినంలో కొంత విశ్రాంతిని కాపాడుకోవడం ప్రయోజనకరం.

4. 'పోయివస్తాను' అనే వీడ్కోలు మాట, ఆయుధపూజ, మగ్గంపై పడుగు అతికే పద్ధతి వంటి స్థానిక వ్యవహారాల్లో విరామాన్నీ పునరారంభాన్నీ కలిపే వివేకం ఉంది.

5. ఆదాయభద్రత లేని శ్రామికుని గుబులును, అన్యాయమైన పనిపరిస్థితుల్లోని ఉద్యోగి కలతను వ్యక్తిగత బలహీనతగా చూడరాదు. సెలవు అనుమతిగా ఉన్నచోట మనసును ఓదార్చవచ్చు. అది వ్యయంగానే మిగిలినచోట ముందుగా ఆ వ్యయాన్ని తీర్చే ఏర్పాటు జరగాలి.